హైవే ఎక్కే చోటే చిక్కు: వరంగల్ దారుల్లో రద్దీ, ప్రమాదాలు, ప్రవేశ నియంత్రణ

క్లుప్తంగా: రద్దీ వల్ల జరిగే ప్రమాదాలు ఎక్కువగా పుట్టేవి రెండు చోట్ల. ఒకటి బండ్లు రోడ్డెక్కే చోటు, రెండోది ఆగిన వరుస చివర. హైవే మీదికి ఎన్ని బండ్లు, ఎక్కడ నుంచి, ఎంత ఎడంతో రావాలో నియంత్రిస్తే రెండూ తగ్గుతాయని విదేశీ అనుభవం చెబుతోంది. ఉత్తర తెలంగాణలో మాత్రం సిగ్నల్ పెట్టే ర్యాంపుల (హైవే మీదికి ఎక్కించే పక్క దారుల) కంటే ముందు, లెక్కలేకుండా తెరిచి ఉన్న దారుల సంగతి తేలాలి. వాటిని ఊరికే మూసేస్తే రాంగ్ రూట్ ప్రయాణం పెరుగుతుంది.

హైదరాబాద్–వరంగల్ రోడ్డు నాలుగు లైన్లయ్యాక ప్రయాణం సులువైంది. రెండు లైన్ల కాలంలో ఎక్కువగా భయపెట్టినవి ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదాలు. డివైడర్ వచ్చాక ఆ భయం తగ్గింది, కానీ ప్రమాదాల వార్తలు ఆగలేదు. రకం మారిందంతే. ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి ఢీకొంటుంది. స్టేజీ దగ్గర రోడ్డు దాటే బైక్‌కు బస్సు తగులుతుంది. డివైడర్ సందులో తిరుగుతున్న ట్రాక్టర్‌ను తప్పించబోయి వెనకున్న రెండు బండ్లు ఒకదానికొకటి గుద్దుకుంటాయి.

ఇప్పుడు ఈ ప్రాంతానికి మరో రెండు పెద్ద రోడ్లు వస్తున్నాయి. వరంగల్–కరీంనగర్ మధ్య 563వ నంబరు జాతీయ రహదారిని 68 కిలోమీటర్ల మేర నాలుగు లైన్లు చేసే పని ఒకటి. నాగ్‌పూర్–విజయవాడ కారిడార్‌లో భాగంగా మంచిర్యాల నుంచి వరంగల్ దాకా 108 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ (పాత రోడ్డు లేని చోట పూర్తిగా కొత్తగా వేసే) రోడ్డు రెండోది. రెండింటికీ 2023 జూలై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డును నియంత్రిత ప్రవేశ రహదారిగా తలపెట్టారు. అంటే నిర్ణయించిన చోట్ల తప్ప మధ్యలో ఎవరూ ఎక్కడానికి, దిగడానికి వీలుండదు. భూమి ఇచ్చిన రైతు, తన చేను పక్క నుంచే పోయే రోడ్డు మీదికి తానెందుకు ఎక్కకూడదని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చట్టంలో కంటే ముందు బండ్లు కదిలే తీరులో దొరుకుతుంది.

## రోడ్డు నిండాక ఏమవుతుంది

మంచి హైవే మీద ఒక లైన్‌లో గంటకు దాదాపు 2,000 నుంచి 2,200 కార్లు పోగలవు. అంటే ఒక చోట నిలబడి చూస్తే సుమారు 1.7 సెకన్లకు ఒక కారు దాటుతుంది. ఇది గరిష్ఠం. ఈ స్థితిలో వేగం పెద్దగా పడిపోదు, నడిపేవాళ్లకు రోడ్డు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ బండ్ల మధ్య ఎడం చాలా తక్కువ. ఒకరు కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే వెనకవాళ్లు ఇంకా గట్టిగా వేయాలి, ఆ వెనకవాళ్లు మరీ గట్టిగా. పది పదిహేను బండ్ల తర్వాత ఎవరో ఒకరు పూర్తిగా ఆగిపోతారు.

2008లో జపాన్ పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. అడ్డంకి లేదు, సిగ్నల్ లేదు, మలుపు తేడా లేదు. కాసేపటికే కార్లు ఆగుతూ కదులుతూ పోవడం మొదలైంది. ఆ ఆగుడు ఒక అలలా గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. కారణం లేకుండానే జామ్ అయిందని డ్రైవర్లు చెప్పే మాట, ఆ మేరకు, నిజమే.

అసలు నష్టం దీని తర్వాతి మెట్టులో ఉంది. చెరువు తూములో నీటి ఒత్తిడి పెరిగితే బయటికి వచ్చే నీళ్లూ పెరుగుతాయి. రోడ్డు అలా పని చేయదు. సామర్థ్యం దాటి బండ్లు వస్తే, బయటికి పోయే బండ్ల సంఖ్య తగ్గుతుంది. ఒకసారి ప్రవాహం చెదిరాక ఆ రోడ్డు తన పాత సామర్థ్యంలో 5 నుంచి 15 శాతం పోగొట్టుకుంటుందని చాలా దేశాల్లో కొలిచారు. ఆగిన కారు మళ్లీ వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది, ముందు బండికీ దీనికీ మధ్య ఖాళీ పెరిగిపోతుంది. సరిగ్గా అవసరమైన వేళకే రోడ్డు ఇరుకైనట్టు అవుతుంది.

ఒక ఊహా లెక్క చూడవచ్చు. ఒక వైపు రెండు లైన్లు, గంటకు 4,000 కార్ల సామర్థ్యం. వెనక నుంచి 3,700 రేటున వస్తున్నాయి, పక్క ర్యాంపు నుంచి 500 రేటున ఎక్కుతున్నాయి. మొత్తం 4,200. అదనం 200 మాత్రమే. కానీ ప్రవాహం చెదిరి సామర్థ్యం పది శాతం తగ్గితే పోయేవి 3,600, పేరుకునేవి 600. పావుగంట రద్దీకే హైవే మీద 150 బండ్ల వరుస తయారవుతుంది. ర్యాంపు దగ్గర 12 సెకన్లకు ఒక బండిని చొప్పున వదిలితే గంటకు 300 ఎక్కుతాయి, హైవే చెదరదు. అదే పావుగంటకు ర్యాంపు మీద ఆగాల్సినవి 50. ఎక్కే దగ్గర 50 బండ్లను ఆపితే, పైన 150 ఆగకుండా పోతాయి.

## ఢీకొనేది వరుస చివర

రద్దీలో అందరూ నెమ్మదిగా పోతారు కాబట్టి ప్రమాదాలు తగ్గాలి కదా అనిపిస్తుంది. వరుస లోపల అది నిజం. అక్కడ తగిలినా బంపర్ సొట్ట పడుతుంది, కాసేపు వాదన జరుగుతుంది. ప్రాణాలు పోయేది వరుస చివర. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. ఆగిన వరుస చివర కూడా నిలకడగా ఉండదు, నిమిషానికి మూడు వందల మీటర్ల దాకా వెనక్కి జరుగుతుంది. రెండు నిమిషాల కింద ఖాళీగా ఉన్న చోటే ఇప్పుడు లారీ నిలబడి ఉంటుంది. వంపు దాటాక గానీ, ఫ్లైఓవర్ ఎక్కి దిగేటప్పుడు గానీ అది ఎదురైతే బ్రేక్‌కు చాలినంత దూరం ఉండదు. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి ఆగడానికి కనీసం 180 మీటర్ల దూరం కనపడాలని మన రోడ్ల ప్రమాణాలు చెబుతాయి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాలీ విషయంలో ఆ దూరం కాగితం మీదే ఉంటుంది.

దేశం మొత్తం లెక్కలు కూడా ఇదే దిక్కు చూపిస్తాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో సుమారు 2 శాతమే ఉన్న జాతీయ రహదారుల మీద 36 శాతం మరణాలు. ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి ఢీకొన్నవే. వీటన్నిటికీ రద్దీయే కారణం కాదు. రోడ్డు పక్కన ఆపిన లారీలు, నిద్రమత్తు, అతి వేగం అన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. కానీ వేగంగా పోయే బండికీ, ఆగిన లేదా నెమ్మదిగా పోయే బండికీ మధ్య ఉన్న తేడాయే వీటన్నిటిలో ఉమ్మడి అంశం. ఆ తేడా ఎక్కువగా పుట్టేది బండ్లు రోడ్డెక్కే చోట.

ఎక్కే బండి వేగం తక్కువ. పైన పోయే బండి వేగం ఎక్కువ. చేరాలంటే పైన వరుసలో సందు దొరకాలి. ఒక్క బండి వస్తే పైవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు. దగ్గర్లోని సిగ్నల్ ఆకుపచ్చ పడి పది బండ్లు ఒకేసారి గుంపుగా వస్తే ఎవరికీ సందు దొరకదు. కొందరు దూరుతారు, కొందరు ఆగిపోతారు, పైవాళ్లు ఉన్నట్టుండి కుడి లైన్‌కు తిప్పుతారు. అమెరికా సామర్థ్య ప్రమాణాల్లో ఇలా కలిసే చోటు నుంచి ముందుకు దాదాపు 450 మీటర్ల దాకా ఆ అలజడి ప్రభావం ఉంటుందని లెక్క వేస్తారు.

## ర్యాంప్ మీటర్ చేసే పని

దీనికి విదేశాలు కనిపెట్టిన సాధనం చూడటానికి చిన్నది. హైవే ఎక్కే ర్యాంపు మీద ఒక సిగ్నల్ లైటు పెడతారు, దాన్నే ర్యాంప్ మీటర్ అంటారు. ఆకుపచ్చ పడిన ప్రతిసారీ ఒక్క బండే పోవాలి. నాలుగు సెకన్లకు ఒకటి వదిలితే గంటకు 900, పదిహేను సెకన్లకు ఒకటైతే 240. పైన హైవే లైన్లలో పెట్టిన సెన్సర్లు రోడ్డు ఎంత నిండిందో చెబుతుంటాయి. నిండుతుంటే ర్యాంపు వేగం తగ్గిస్తారు, ఖాళీ అవుతుంటే పెంచుతారు. ర్యాంపు మొదట్లో ఇంకో సెన్సర్ ఉంటుంది. ఆగిన వరుస కింది ఊరి రోడ్డు మీదికి పాకేలా ఉంటే అది గుర్తిస్తుంది, సిగ్నల్ త్వరత్వరగా వదిలేస్తుంది.

ఇందులో రెండు లాభాలున్నాయి, రెంటినీ కలిపేయకూడదు. మొత్తం సంఖ్యను అదుపు చేయడం వల్ల హైవే చెదరకుండా ఉంటుంది. గుంపును విడదీసి ఒక్కొక్కరిగా పంపడం వల్ల కలిసే చోట ఢీలు తగ్గుతాయి. రోడ్డు సామర్థ్యం నిండని వేళ కూడా రెండో లాభం ఉంటుంది.

1963లో షికాగోలోని ఐసన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈ పని మొదలైంది. అప్పుడు లైటు కూడా లేదు, ర్యాంపు మీద పోలీసు నిలబడి ఒక్కో కారును వదిలేవాడు. బ్రిటన్ 1986లో బర్మింగ్‌హామ్ దగ్గరి ఎం6 మీద, నెదర్లాండ్స్ 1989లో ఆమ్‌స్టర్‌డామ్ చుట్టు రోడ్డు మీద మొదలుపెట్టాయి.

ఇవి నిజంగా పని చేస్తాయా అన్న అనుమానానికి జవాబు అమెరికాలోని మినియాపొలిస్–సెయింట్ పాల్ నుంచి వచ్చింది. అక్కడ ఇలాంటి ర్యాంప్ మీటర్లు సుమారు 430 ఉండేవి. ర్యాంపుల మీద నిలబెట్టి విసిగిస్తున్నారని జనం గొడవ చేయడంతో, రాష్ట్ర చట్టసభ ఆదేశం మీద 2000 అక్టోబరులో అన్నిటినీ కొన్ని వారాల పాటు ఆపేశారు. ముందూ వెనకా కొలిచి చూస్తే ఫ్రీవేల మీద పోయే బండ్లు 9 శాతం తగ్గాయి, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. ఒక సాధనం విలువను దాన్ని తీసేసి కొలిచే అవకాశం రోడ్ల రంగంలో అరుదు.

ఆ కథలో ఎక్కువ మంది వదిలేసే భాగం ఒకటుంది. జనం గొడవలోనూ న్యాయం ఉందని తేలింది. కొన్ని ర్యాంపుల మీద నిరీక్షణ మరీ ఎక్కువగా ఉండేది. మీటర్లు తిరిగి పెట్టినప్పుడు ఊరి రోడ్ల నుంచి ఎక్కే ర్యాంపుల మీద ఎవరూ నాలుగు నిమిషాల కంటే ఎక్కువ ఆగకూడదని హద్దు పెట్టారు.

## మన దారిలో ర్యాంపులే తక్కువ

ఇదంతా హైదరాబాద్–వరంగల్ రోడ్డుకు, అంటే 163వ నంబరు జాతీయ రహదారికి, ఎలా వర్తిస్తుంది? నేరుగా వర్తించదు. మీటర్ పని చేయాలంటే రోడ్డుకు లెక్కపెట్టదగినన్ని ద్వారాలే ఉండాలి. భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా వచ్చే ఈ రోడ్డుకు ద్వారాలు లెక్కలేనన్ని. ఊరి దారులు, వెంచర్ల ముందు వేసిన మట్టి రోడ్లు, దాబాలు, పెట్రోలు బంకులు, రైస్ మిల్లులు, కాలేజీ గేట్లు, డివైడర్‌లో అనుమతితో పెట్టినవీ, తర్వాత ఎవరో పగలగొట్టినవీ అయిన సందులు. వీటిలో ఒక్క చోట సిగ్నల్ పెడితే మిగతా చోట్ల నుంచి ఎక్కుతారు.

ఇలా అన్ని వైపులా తెరిచి ఉండటం వల్ల ఒక వింత అలవాటు పుట్టింది. నిబంధన ప్రకారం లారీలు, నెమ్మదిగా పోయే బండ్లు ఎడమ లైన్‌లో ఉండాలి. మన హైవేల మీద చాలా లారీలు డివైడర్ పక్క లైన్ పట్టుకుని పోతాయి. దీన్ని డ్రైవర్ల క్రమశిక్షణ లోపంగా కొట్టేయడం తేలిక. లారీ క్యాబిన్‌లోంచి చూస్తే మాత్రం వేరే లెక్క కనిపిస్తుంది. ఎడమ లైన్‌లో ఎప్పుడు ఏ బైక్ పక్క దారిలోంచి దూరుతుందో, ఏ ఆటో ఆగుతుందో, ఎవరు రాంగ్ రూట్‌లో ఎదురొస్తారో తెలియదు. బరువు బండి పదే పదే బ్రేక్ వేస్తూ పోవడం కష్టం. కుడి లైన్ నిమ్మళం. ఫలితంగా వెనకొచ్చే కార్లు లారీని ఎడమ వైపు నుంచి దాటాల్సి వస్తుంది. అంటే ఊరి దారుల నుంచి బండ్లు ఎక్కే లైన్‌లోనే కార్లు అత్యధిక వేగంతో పోతాయి. నెమ్మది బండీ, వేగం బండీ కలవకూడని చోట కలుస్తాయి. లేన్ డిసిప్లిన్ బోర్డులు పెట్టినంత మాత్రాన ఇది మారకపోవడానికి కారణం ఇదే. పక్క దారుల ఇబ్బంది తగ్గితేనే లారీ ఎడమకు వస్తుంది.

డివైడర్ సందుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. లోడు ట్రాలీతో ట్రాక్టర్ నిలబడ్డ చోటు నుంచి కదిలి రెండు లైన్లు దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టిందనుకుంటే, 90 వేగంలో ఉన్న కారు ఆలోగా 200 మీటర్లు వచ్చేస్తుంది. ట్రాక్టర్ కదిలినప్పుడు ఆ కారు దూరంగానే ఉంది. ఇద్దరి అంచనాలూ వాళ్ల వాళ్ల మేరకు సరైనవే. సందు వెడల్పు చాలక ట్రాలీ తోక వెనక లైన్‌లోనే మిగిలిపోవడం మరో రకం ప్రమాదం.

పంట కాలంలో ఇది ముదురుతుంది. వానాకాలం వడ్లు నవంబరులో, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రాలకు వస్తాయి. మిల్లుల ముందు లారీల వరుస రోడ్డు మీదికి వస్తుంది. సర్వీస్ రోడ్డు మీద, కొన్ని చోట్ల ఎడమ లైన్ మీదే వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. నాలుగు లైన్ల రోడ్డు ఆ నెలల్లో అక్కడక్కడా మూడు లైన్లే. ట్రాఫిక్ లెక్క మామూలు రోజుల్లో తీస్తే ఈ సంగతి నమోదు కాదు.

## మూసేస్తే సరిపోతుందా

చట్టపరంగా అధికారాలకు కొదవ లేదు. 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హైవే మీదికి బండితో ప్రవేశించే హక్కు ఎవరికీ లేదు. పెట్రోలు బంకులు, హోటళ్ల వంటి వాటికి ప్రవేశ అనుమతి ఎలా ఇవ్వాలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. దిగేవాళ్లు వేగం తగ్గించుకోవడానికి, ఎక్కేవాళ్లు వేగం అందుకోవడానికి విడిగా లైన్ ఉండాలన్నది వాటి సారం. వేగం అందుకునే ఆ లైన్ ఉంటే ప్రమాదం చాలావరకు అక్కడే తగ్గుతుంది, ఎందుకంటే కలిసేటప్పటికి రెండు బండ్ల వేగం దగ్గరగా వస్తుంది.

ప్రమాదం జరిగాక డివైడర్ సందును సిమెంటు దిమ్మెలతో మూయడం మాత్రం తరచూ కనిపించే పరిష్కారం. అది ఒక రకం ప్రమాదాన్ని ఆపుతుంది, మరో రకాన్ని మొదలుపెడుతుంది. పొలం అవతలి వైపు ఉన్న రైతు, రెండు కిలోమీటర్లు పోయి యూటర్న్ తీసుకుని మళ్లీ రెండు కిలోమీటర్లు రావాలంటే బైక్‌ను రాంగ్ రూట్‌లో తోలుతాడు. 80 వేగంతో ఎదురొచ్చే కారుకూ 40 వేగంతో వచ్చే ఈ బైక్‌కూ మధ్య దూరం గంటకు 120 కిలోమీటర్ల లెక్కన కరిగిపోతుంది. దాటేటప్పుడు ఎనిమిది సెకన్లే ఉన్న ప్రమాదం, ఇప్పుడు రెండు కిలోమీటర్ల పొడవునా ఉంటుంది.

కాబట్టి మూయడం ఎప్పుడూ రెండో పనిగానే ఉండాలి. మొదటిది మారు దారి. రెండు వైపులా తెగకుండా సాగే సర్వీస్ రోడ్డు, నడకతో, బైక్‌తో, ట్రాక్టర్‌తో దాటడానికి అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు నుంచి హైవే మీదికి కొన్ని ఎంచిన చోట్ల మాత్రమే ప్రవేశం. చాలా చోట్ల సర్వీస్ రోడ్డు ఊరు దాటగానే, లేదా వాగు రాగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆటోలు, బైకులు అన్నీ ఒక్కసారిగా పెద్ద రోడ్డెక్కుతాయి. ఆ ఆగిపోయే చోటు ఎవరూ గీయని ర్యాంపు. అండర్‌పాస్‌లో వానాకాలం నీళ్లు నిలిస్తే జనం మళ్లీ పైనుంచే దాటుతారు. డ్రైనేజీ కూడా ప్రవేశ నియంత్రణలో భాగమే అనడం అతిశయోక్తి కాదు.

బ్లాక్‌స్పాట్ల నిర్వచనం దగ్గర కూడా ఒక ఇబ్బంది ఉంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే దాన్ని బ్లాక్‌స్పాట్‌గా గుర్తిస్తారు. ఒక చౌరస్తాకు ఈ లెక్క సరిపోతుంది. రాంగ్ రూట్ ప్రమాదాలు, వరుస చివర జరిగే ప్రమాదాలు మాత్రం ఒక చోట కుదురుగా ఉండవు, పది కిలోమీటర్ల మేర చెదిరి ఉంటాయి. ఒక సందును మూసి బ్లాక్‌స్పాట్ జాబితాలోంచి తీసేశాక, అక్కడి ప్రమాదాలు నిజంగా తగ్గాయా, లేక జాబితాకు అందనంత పలచబడ్డాయా అన్నది విడిగా చూడాల్సిన విషయం.

## మేడారం దారిలో జరిగేది కూడా ఇదే

సిగ్నల్ లైటు లేకుండా ప్రవేశ నియంత్రణ ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి కొత్త కాదు. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరకు పోలీసులు చేసే ఏర్పాట్లు సరిగ్గా అవే. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర జరిగింది. ఆ నాలుగు రోజుల్లో అడవి గుండా పోయే రోడ్ల మీద పడే భారం, ఏ ప్రమాణం ప్రకారం చూసినా వాటి సామర్థ్యానికి చాలా ఎక్కువ.

వన్ వే పద్ధతి అందరికీ కనిపించేది. ప్రైవేటు బండ్లు ములుగు, పస్రా, నార్లాపూర్ మీదుగా పోతాయి. తిరుగు ప్రయాణంలో బయ్యక్కపేట, భూపాలపల్లి వైపు మళ్లుతాయి. ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి దారి విడిగా ఉంచుతారు. ఇరుకు రోడ్డు మీద ఎదురు ప్రవాహాన్ని తీసేయడంతో సామర్థ్యం పెరగడమే కాకుండా, దాటబోయి ఎదురెదురు ఢీకొనే ప్రమాదం దాదాపు లేకుండా పోతుంది. బస్సుకు వేరే దారి ఇవ్వడం వెనక లెక్క ఇంకా బలమైనది. ఒక బస్సులో పట్టే జనానికి పది పన్నెండు కార్లు కావాలి, కాబట్టి రద్దీలో ముందు పోవాల్సింది బస్సే.

అంతగా కనిపించనిది పార్కింగ్ స్థలాల దగ్గర, ముఖ్యమైన జంక్షన్ల దగ్గర బండ్లను ఆపి విడతలుగా వదలడం. ముందు రోడ్డు కదిలేదాకా వెనకవాళ్లను ఖాళీ పొలంలో నిలబెట్టడం ర్యాంప్ మీటర్ చేసే పనే. ఎక్కడ ఆపుతున్నారన్నదే ఇందులో కీలకం. ములుగు దగ్గర గట్టమ్మ గుడికి తొలి మొక్కు చెల్లించడం ఆనవాయితీ. పోయే బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. గుడి పక్కన రోడ్డుకు దూరంగా నిలిపే చోటు చాలితే అది సహజమైన నియంత్రణ కేంద్రం అవుతుంది. చాలకపోతే వరుస హైవే మీదికి పాకుతుంది, దాని చివర వెనక్కి జరుగుతూ పోతుంది. ఆచారం ఒకటే, పార్కింగ్ స్థలం విస్తీర్ణాన్ని బట్టి అది రక్షణో, ప్రమాదమో అవుతుంది.

ఈ ఏర్పాట్ల బలహీనత కూడా తెలిసిందే. అవి పూర్తిగా మనుషుల మీద, వాకీటాకీల మీద ఆధారపడతాయి. చివరి రోజు అమ్మవార్లు వనప్రవేశం చేశాక అందరూ ఒకేసారి తిరుగుముఖం పడతారు. రాకను రోజుల తరబడి విడదీయవచ్చు, పోకను విడదీయడం కష్టం.

## నిజమైన మీటర్ పెట్టదగిన చోటు

తెలంగాణలో ర్యాంప్ మీటర్‌కు అనువైన రోడ్డు ఏదైనా ఉందంటే అది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది లైన్లు, ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ప్రవేశం లేదు, బైకులకు, పాదచారులకు అనుమతి లేదు. 2023 నుంచి కుడి వైపు రెండు లైన్లలో గంటకు 120 కిలోమీటర్ల దాకా, ఎడమ రెండు లైన్లలో 80 దాకా వేగం అనుమతించారు. ఎక్కే బండి ముందుగా 80 వేగం ఉన్న లైన్‌లో కలుస్తుంది కాబట్టి ఈ విభజనే ఒక రక్షణ. వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఘట్‌కేసర్ దగ్గర దీన్ని ఎక్కుతారు.

ఇక్కడ ప్రతి ప్రవేశం దగ్గర టోల్ బూత్ ఉంది. ఎన్ని బూత్‌లు తెరిచారన్నదే ఎన్ని బండ్లు ఎక్కుతాయో నిర్ణయిస్తుంది. ఫాస్టాగ్ వచ్చాక ఒక్కో బండి దాటే సమయం తగ్గింది, అది ప్రయాణికులకు మేలే. కానీ ఇదివరకు చిల్లర వెతుక్కునే ఆలస్యం వల్ల తెలియకుండానే జరిగిన విడదీత ఇప్పుడు ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లండ్ బే బ్రిడ్జి మీద ఈ సంగతి ఎప్పుడో గుర్తించి, టోల్ ప్లాజా దాటాక మీటరింగ్ లైట్లు పెట్టారు. ఆలస్యాన్ని టోల్ పద్ధతికి వదిలేయకుండా, అవసరమైన వేళ అవసరమైనంతే ఉండేలా చూడటం దాని ఉద్దేశం.

వరంగల్ పక్కన పరిస్థితి వేరు. నగరంలోకి రాకుండా ములుగు రోడ్డుకు కలిపే బైపాస్ వల్ల లారీల భారం కొంత తప్పింది. అయితే బైపాస్ చుట్టూ వెంచర్లు వస్తున్నాయి. కొత్త రోడ్డు రావడం, దాని పక్క భూమి ధర పెరగడం, ప్రతి వెంచరూ తన గేటు రోడ్డు వైపే తెరవడం, పదేళ్లకు అది నగర వీధి అయిపోవడం, మళ్లీ మరో బైపాస్ అడగడం. కాజీపేట, హనుమకొండ గుండా పోయే పాత రోడ్డుకు జరిగింది అదే. లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే గేటు లోపలి రోడ్డు వైపు ఉండాలని షరతు పెడితే ఖర్చు దాదాపు ఉండదు. ఇళ్లు లేచాక అదే పనికి భూసేకరణ కావాలి.

## ఆగేది ఎవరు, పోయేది ఎవరు

ప్రవేశ నియంత్రణలో లాభం ఒకరికి, నిరీక్షణ మరొకరికి వస్తుంది. మినియాపొలిస్‌లో కూడా దగ్గరి ర్యాంపుల నుంచి ఎక్కేవాళ్లు ఆగితే, దూరపు శివార్ల నుంచి అప్పటికే ఎక్కి వచ్చినవాళ్లు ఆగకుండా పోయేవాళ్లు. ఇక్కడ ఆ తేడా ఇంకా పెద్దది. హైదరాబాద్ నుంచి వచ్చే కారుకు పది నిమిషాలు కలిసి రావడానికి రఘునాథపల్లి రైతు చుట్టు తిరగాల్సి వస్తుంది. ఆ కారు కోమళ్ల దగ్గర టోల్ కడుతుంది, రైతు తన సమయం కడతాడు. సమయానికి రసీదు ఉండదు కాబట్టి ప్రాజెక్టు లెక్కల్లో అది కనిపించదు.

అయితే ప్రమాదాల్లో పోయేది ఎవరి ప్రాణం అన్నది చూస్తే లెక్క కొంత తిరగబడుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. తెరిచి ఉన్న సందు వల్ల సౌకర్యం పొందేదీ, అక్కడ ఎక్కువగా దెబ్బతినేదీ చాలావరకు రోడ్డు పక్క ఊళ్లవాళ్లే. చుట్టు దారిని ఒక కిలోమీటరులోపు ఉంచగలిగితే నియంత్రణను ఊరు ఒప్పుకుంటుంది. నాలుగైదు కిలోమీటర్లయితే సిమెంటు దిమ్మె ఒక రాత్రిలో పక్కకు జరుగుతుంది.

గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు విషయంలో ఈ చిక్కు కొంత తక్కువ. కొత్త దారి కాబట్టి పోగొట్టుకునే పాత ప్రవేశం లేదు. పొలాల మధ్య తెగిపోయే బండ్ల బాట, కాలువ, పశువుల దారి మాత్రం ఉన్నాయి. వాటికి అండర్‌పాస్ ఎక్కడ, ఎంత ఎత్తులో పెడుతున్నారన్నదే ఊళ్లు అడగాల్సిన ప్రశ్న. కారు పట్టే ఎత్తులో కట్టిన అండర్‌పాస్‌లోంచి గడ్డి ట్రాలీ గానీ, వరికోత మిషన్ గానీ పోకపోవచ్చు.

కరీంనగర్ రోడ్డు కథ వేరు. అది ఉన్న రోడ్డే వెడల్పవుతోంది. ఊళ్లు, స్టేజీలు, గ్రానైట్ లారీలు, స్కూలు బస్సులు అన్నీ ఇప్పటికే దాని మీద ఉన్నాయి. రెండు లైన్ల రోడ్డు మీద గుంతలూ రద్దీయే వేగాన్ని ఆపేవి. నాలుగు లైన్లు పూర్తయిన మర్నాటి నుంచి కార్ల వేగం పెరుగుతుంది, పక్క నుంచి ఎక్కే ట్రాక్టర్ వేగం మారదు. సర్వీస్ రోడ్లు, బస్ బేలు, అండర్‌పాస్‌లు ప్రధాన రోడ్డుతో పాటే వాడకంలోకి వస్తాయా, లేక ముందు నాలుగు లైన్లు తెరిచి అవి తర్వాత పూర్తి చేస్తారా అన్నదాన్ని బట్టి మొదటి రెండు మూడేళ్ల ప్రమాదాల సంఖ్య ఉంటుంది.